గోడ మీద మొలిచిన జువ్వికి రూపం

మన ఊళ్లలో పాత ఇల్లు కూలుస్తున్న చోట ఒకసారి ఆగి గోడలవైపు చూడండి. పిట్టగోడ పగుళ్లలోనో, వాననీటి గొట్టం పక్కనో, సున్నం ఊడిన ఇటుకల సందులోనో రావి, జువ్వి, మర్రి, మేడి ఏదో ఒకటి మొలిచి ఉంటుంది. కాకులూ గోరింకలూ పళ్లు తిని రెట్ట వేసిన చోటల్లా ఈ జాతి పుడుతుంది. దానికి పిడికెడు మట్టి ఉండదు. ఎండకు అడ్డం ఉండదు. గోడ పాడవుతుందని ఎవరో ఒకరు దాన్ని నరుకుతూనే ఉంటారు, అది మళ్లీ చిగురిస్తూనే ఉంటుంది. అలా కొన్నేళ్లు గడిచేసరికి మోకాలెత్తు చెట్టుకు మణికట్టంత మాను వస్తుంది. నర్సరీ మొక్కకు ఆ మాను, ఆ వంపు తెప్పించాలంటే నేలలో పెట్టి ఏళ్లకేళ్లు పెంచాలి.

ఇలాంటి చెట్టు చేతికి వచ్చిన రోజునే దాన్ని బోన్సాయ్ చేసేయాలని మనసు ఉవ్విళ్లూరుతుంది. ఆ తొందరను ఆపడానికే ఈ అధ్యాయం. రూపం ఇవ్వడంలో సగానికి పైగా పని కత్తెర పట్టకముందే జరుగుతుంది. చెట్టు పడ్డ కష్టం దాని మాను మీద, వేళ్ల మీద గుర్తులుగా మిగిలి ఉంటుంది. ఆ గుర్తుల్లో ఏవి ఉంచాలో తేల్చుకున్నాకే, మిగతా వాటిలో ఏవి తీసేయాలో తెలుస్తుంది.

ఏ చెట్టు మనది?

కొండల్లో, అడవుల్లో దొరికిన చెట్టును బోన్సాయ్‌గా మలచడం జపాన్‌లో గొప్ప విద్యగా ఎదిగింది. అక్కడ ఇలాంటి చెట్లను యమదోరి అంటారు. షికోకు దీవిలోని ఇషిజుచి పర్వతం, నీగాతా ప్రాంతంలోని ఇతోయిగావా కొండచరియలు శింపాకు అనే జూనిపర్‌కు పేరుపడ్డ చోట్లు. నడుముకు తాళ్లు కట్టుకుని, కొండ అంచుల్లో వేలాడుతూ వాటిని పెళ్లగించి తెచ్చేవారు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేసరికి అక్కడ మంచి చెట్లకు కరువొచ్చింది. ఇప్పుడు ఆ జాతి ఎక్కువగా కొమ్మ ముక్కల నుంచి నర్సరీల్లోనే పెరుగుతోంది.

ఆ తప్పు మనం ఇక్కడ మళ్లీ చేయకూడదు. ఎలాగూ చావబోయే చెట్టునే తీసుకోవాలి. కూల్చబోయే గోడ, వెడల్పు చేయబోయే రోడ్డు, పునాది తవ్వబోయే స్థలం, పాత బావి ఒర... మనం వెతకాల్సిన చోట్లు ఇవి. యజమానిని అడిగి, ఆయన సరేనన్నాకే గోడ మీద చెయ్యి వేయాలి. రిజర్వు అడవిలో మొక్క పెకలించడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. ఎంత చిన్న మొక్కయినా, ఎంత మంచి ఉద్దేశమైనా అడవి జోలికి వెళ్లొద్దు. గుడి గోపురం మీద మొలిచిన రావిని చూసి ముచ్చటపడినా, అది గుడి అధికారులు తీయించాల్సిందే. మీరు ఎక్కి తీస్తే కట్టడానికీ చేటు, మీకూ చేటు.

మొదటిసారి ఈ పని చేసేవారికి నేను జువ్వినే సూచిస్తాను. రావి ఆకు పెద్దది, కాడ పొడవు. చిన్న చెట్టు మీద ఆ ఆకు పొంతన కుదరడానికి చాలా ఏళ్లు పడుతుంది. జువ్వి ఆకు అంతకంటే మచ్చిక అవుతుంది, కోసిన చోట కొత్త మొలకలు తేలిగ్గా వేస్తుంది, లేత చిగుళ్లు రాగిరంగులో వస్తాయి. మన ఎండకూ తట్టుకుంటుంది.

తీసే వేళ, తీసే తీరు

మృగశిర కార్తె ప్రవేశించి, నాలుగు వానలు పడి, గాలిలో తేమ నిలిచాక తీయండి. జూన్ రెండో వారం నుంచి జూలై చివరిదాకా మంచి అదను. రోహిణి కార్తె ఎండల్లో తీసిన చెట్టుకు వేరు పుట్టేలోపే మాను ఎండుతుంది. డిసెంబరు చలిలో తీస్తే చెట్టు నిద్రపోతున్నట్టే ఉండిపోయి, వేరు వేయడానికి నెలలు తీసుకుంటుంది.

ముందు ఆకులు తుంచేయండి. వేళ్లు తెగాక అన్ని ఆకులకు నీరు అందించడం చెట్టు వల్ల కాదు. పైకొమ్మల్ని పొట్టిచేయండి, అయితే మీరు చివరికి అనుకుంటున్న ఎత్తు కంటే జానెడు ఎక్కువే ఉంచండి. కోసిన కొసలు కొంతమేర ఎండి వెనక్కి చచ్చే అవకాశం ఉంది. పాలు కారుతుంటే తడిగుడ్డతో అద్దండి.

తర్వాత ఉలి, సుత్తితో ఇటుకల మధ్య సున్నాన్ని కొద్దికొద్దిగా రాలుస్తూ వేరు వెంట వెళ్లాలి. వేరును పట్టి లాగితే బెరడు ఒలిచినట్టు ఊడిపోతుంది. లావు వేరు గోడ లోపలికి వెళ్లిపోయి ఉంటే అక్కడే రంపంతో నున్నగా కోసేయండి. లావు వేరు పోయినా ఫరవాలేదు. మానుకు దగ్గరగా ఉన్న పీచువేళ్లు మాత్రం ఎన్ని దక్కితే అంత మేలు. తీసిన వెంటనే తడి గోనెసంచిలో చుట్టి ఇంటికి చేర్చండి. వేళ్లను అర్ధగంట ఎండలో ఉంచినా దెబ్బే.

పెట్టేందుకు మొదటే అందమైన కుండీ వద్దు. అడుగున ధారాళంగా రంధ్రాలున్న ప్లాస్టిక్ టబ్బు చాలు. ఇటుక ముక్కల్ని దంచి, దుమ్మంతా జల్లెడ పట్టి పారేసి, కందిగింజ నుంచి శనగగింజ దాకా ఉన్న పలుకుల్ని తీసుకోండి. దానికి ముతక ఇసుక, కొద్దిగా బాగా చివికిన కంపోస్ట్ కలపండి. పచ్చి ఎరువు, చెక్క, రసాయనం ఏదీ ఇప్పుడు వేయొద్దు. టబ్బు రంధ్రాల గుండా తీగ పోనిచ్చి మానును గట్టిగా కట్టేయండి. గాలికి మాను కదిలిందంటే కొత్తగా పుట్టిన వేరుకొస ప్రతిసారీ తెగుతుంది. తీసిన చెట్లు చావడానికి నీటి కొరత ఎంత కారణమో ఈ కదలడమూ అంతే కారణం.

మొదటి ఏడాది రూపం ఊసు వద్దు

ఇంటికి తెచ్చిన చెట్టును బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. షేడ్‌నెట్ కింద, ఈదురుగాలి తగలని చోట పెట్టి, ఆకు వచ్చే దాకా కాదు, వచ్చిన ఆకు నిలిచే దాకా ఎదురుచూడాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. రెండు మూడు వారాల్లో మాను నిండా చిగుళ్లు వస్తాయి. చెట్టు బతికిందని సంబరపడి ఎండలో పెడతారు, ఎరువు వేస్తారు, కొమ్మలకు తీగ చుడతారు. నెల తిరిగేసరికి చిగుళ్లన్నీ వాడి రాలిపోతాయి. ఆ మొదటి చిగురు మానులో దాచుకున్న ఆహారంతో వచ్చింది. వేరు పుట్టిందనడానికి అది సాక్ష్యం కాదు. ఆకులు ముదిరి, వాటి తర్వాత రెండో విడత చిగుళ్లు బలంగా సాగినప్పుడు, టబ్బు రంధ్రాల్లో తెల్లటి వేరుకొసలు కనిపించినప్పుడు చెట్టు నిలదొక్కుకున్నట్టు. అప్పుడు మెల్లగా ఎండలోకి మార్చండి. నానబెట్టిన ఆవచెక్క నీళ్లు బాగా పలచన చేసి పోయడం మొదలుపెట్టండి. ఆ ఏడాది వచ్చిన కొమ్మలన్నిటినీ ఇష్టం వచ్చినట్టు పెరగనివ్వండి. పొడవు కొమ్మ ఎంత సాగితే కింద వేరు అంత బలపడుతుంది.

ఇక్కడి నుంచి చివరిదాకా ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి: ఒక ఋతువుకు ఒక్క పెద్ద గాయమే. వేళ్లు కోసిన ఏడు మాను కోయొద్దు. మాను కోసిన ఏడు వేళ్ల జోలికి పోవద్దు. చెట్టు ఒక దెబ్బ నుంచి తేరుకుని బలంగా పెరుగుతోందని కళ్లారా చూశాకే రెండో పని.

చెట్టు ముఖం ఎటు?

ఏడాది గడిచింది. టబ్బును కంటి ఎత్తులో, తిరిగే బల్ల మీద పెట్టండి. పైనుంచి చూసి నిర్ణయాలు తీసుకోకండి. బోన్సాయ్‌ను ఎప్పుడూ మహావృక్షం కింద నిలబడ్డ మనిషి కంటితో చూడాలి. పై మట్టిని రెండు వేళ్ల మందం తొలగించి, మాను మొదలు నుంచి వేళ్లు ఎక్కడ విడిపోతున్నాయో బయటపెట్టండి. బోన్సాయ్ సాధకులు దీన్నే నెబారి అంటారు. ముఖం వెతకడం అక్కడి నుంచి మొదలుపెట్టాలి. వేళ్లు, ఆ తర్వాత మాను, ఆ తర్వాతే కొమ్మలు. కొమ్మ రెండేళ్లలో కొత్తది వస్తుంది, మాను వంపు మాత్రం రాదు.

నా దగ్గరున్న ఒక జువ్వి పాత రైసుమిల్లు ప్రహరీ నుంచి వచ్చింది. మట్టి తీసి చూస్తే దాని వేళ్లు గుండ్రంగా లేవు. ఇటుకకు అదుముకుని పెరగడంతో రెండు వేళ్ల వెడల్పున పట్టీల్లా చపటగా సాగాయి. ఒక వేరు వెనకవైపు ఇటుకల వరుస అచ్చుపడి ఉంది. అడ్డగీత, నిలువుగీత, మళ్లీ అడ్డగీత, ఆ గీతల్లో ఇంకా తెల్లటి సున్నం. పైన రెండు మానులు. ఒకటి తిన్నగా, నున్నగా, చూడగానే ఆకట్టుకునేలా ఉంది. రెండోది వంకర. దాని మీద మూడుచోట్ల పాత కత్తిగాట్లు మానిపోయి, బెరడు మెలికలు తిరిగి బుడిపెలు కట్టింది.

కొత్తగా నేర్చుకుంటున్నవారు దాదాపు అందరూ తిన్నటి మానునే ఉంచుదామంటారు. చేతితో తడిమి చూడమంటాను. తిన్నటి మాను కింద ఎంత లావుందో పైన కూడా అంతే లావు. కోస్తే పాతిన గుంజలా మిగులుతుంది. వంకర మానులో ప్రతి కత్తిగాటు దగ్గరా పాత కొస పోయి, పక్క నుంచి సన్నటి కొత్త కొస లేచింది. అందుకే మొదలు లావుగా, పైకి వెళ్లేకొద్దీ సన్నగా, ప్రతి మలుపులో దిక్కు మారుతూ ఉంది. మహావృక్షం కంటికి మహావృక్షంలా కనిపించేది ఈ సన్నబడటం వల్లే. మిల్లు మనుషులు గోడను కాపాడుకోవాలని వేసిన కత్తిదెబ్బలే ఆ చెట్టుకు సొగసు ఇచ్చాయి. చపట వేళ్లు ముందుకు వచ్చేలా, మాను కొస చూసేవారివైపు కొద్దిగా వాలేలా ముఖం నిర్ణయించుకున్నాం.

ముఖం తేల్చుకోవడానికి కనీసం కొన్ని వారాలు తీసుకోండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసి నలుపు తెలుపులోకి మార్చండి. ఆకుల రంగు పోగానే మాను గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఏ కొమ్మ తీసేద్దామా అని సందేహం ఉంటే దానికి ముందు తువ్వాలు వేలాడదీసి దూరం నుంచి చూడండి. కోయకుండానే కోతకు ఫలితం తెలుస్తుంది.

కోత

రెండో వానాకాలం మొదట్లో మాను కోత. ఎత్తు తేల్చుకోవడానికి ఒక కొలత ఉపయోగపడుతుంది: మొదలు దగ్గర మాను మందానికి ఆరు రెట్లు. మొదలు 8 సెంటీమీటర్లు ఉంటే చెట్టు ఎత్తు 48 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే పొందికగా కనిపిస్తుంది. మొదటి కొమ్మ కింది నుంచి మూడో వంతు ఎత్తులో, అంటే 16 సెంటీమీటర్ల దగ్గర ఉంటే బాగుంటుంది. ఇది దారి చూపే కొలత మాత్రమే. మంచి కొమ్మ రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉందని తీసేయకండి.

కొత్త కొస కాబోయే కొమ్మకు పైన మానును ఏటవాలుగా కోయండి. కోత ముఖం వెనకవైపు ఉండాలి. పాలు ఆగాక బోర్డో పేస్టు గానీ కట్ పేస్ట్ గానీ పూయండి. తర్వాత కొమ్మల ఎంపిక. మలుపు బయటివైపు పుట్టిన కొమ్మను ఉంచండి, లోపలివైపు పుట్టినదాన్ని తీసేయండి. ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉన్న రెండు కొమ్మల్లో ఒకటే ఉండాలి. ఒకేచోట మూడు నాలుగు కొమ్మలు ఉంచితే అక్కడ మాను ఉబ్బి, సన్నబడే తీరు చెడిపోతుంది. చూసేవారి ముఖం మీదికి పొడుచుకొచ్చే కొమ్మ కిందిభాగంలో వద్దు. వెనకవైపు మాత్రం ఒక కొమ్మ తప్పక ఉంచండి. అది లేకపోతే చెట్టుకు లోతు రాదు.

తీసేసిన మానును పారేయకండి. జువ్వి లావు కొమ్మ కూడా వానాకాలంలో ఇసుకలో నాటితే వేరు పోసుకుంటుంది. నేను పైన చెప్పిన తిన్నటి మాను ఇప్పుడు వేరే టబ్బులో చెట్టయింది.

ఒక హెచ్చరిక. జపాన్ జూనిపర్ల ఫొటోల్లో బెరడు ఒలిచిన తెల్లటి ఎండు కొమ్మలు, మాను మీద తెల్లటి చారలు చూసి ఉంటారు. వాటిని జిన్, షారి అంటారు. 1940లో పుట్టిన మసాహికో కిమురా యంత్ర పనిముట్లతో ఆ ఎండు చెక్కను చెక్కి, కొండచెట్ల రూపాన్నే కొత్త దారి పట్టించారు. జూనిపర్ చెక్క గట్టిది, జిగురున్నది. సున్నం-గంధకం ద్రావణం పూస్తే దశాబ్దాలు నిలుస్తుంది. జువ్వి చెక్క మెత్తన. మన వానలకు రెండేళ్లలో కుళ్లి, ఆ కుళ్లు బతికున్న మానులోకీ పాకుతుంది. జువ్వికి ఉన్న వరం వేరు. దాని గాయం చుట్టూ బెరడు ఉబికి వచ్చి మూసుకుంటుంది. మూసుకోనివ్వండి. ఆ ముడతలే దానికి అందం.

తీగ, ఆకు, కుండీ

కోత మాని కొత్త రెమ్మలు పెన్సిల్ మందం రాకముందే అల్యూమినియం తీగ చుట్టండి. రెమ్మ మందంలో మూడో వంతు మందమున్న తీగ సరిపోతుంది. మాను చుట్టూ ఒకటి రెండు చుట్లు వేసి పట్టు దొరికించుకుని, రెమ్మ మీద 45 డిగ్రీల వాలులో, చుట్టుకూ చుట్టుకూ సమానంగా ఎడం ఉంచుతూ పొండి. వంచేటప్పుడు వంపు బయటివైపు తీగ ఆనుకుని ఉండేలా చూసి, రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కండి. వానాకాలంలో జువ్వి ఎంత వేగంగా లావెక్కుతుందంటే, నెల నెలన్నరలోనే తీగ బెరడులోకి దిగబడుతుంది. ప్రతి ఆదివారం చూసుకోండి. దిగబడబోతోందనిపిస్తే కట్టర్‌తో ముక్కలుగా తుంచి తీయండి. తిప్పుతూ విప్పితే రెమ్మ విరుగుతుంది. కొమ్మ తిరిగి పాత చోటికి లేస్తే మళ్లీ చుట్టొచ్చు. తీగ గీత పడితే మాత్రం ఏళ్లు ఉంటుంది.

ఆకు చిన్నది కావాలంటే బలంగా ఉన్న చెట్టుకు ఏడాదికొకసారి, వానలు మొదలయ్యాక, కాడలు ఉంచి ఆకులు కత్తిరించండి. కాడ మొదట్లో కొత్త మొగ్గ లేచి చిన్న ఆకులు వేస్తుంది. బలహీనమైన కొమ్మ మీది ఆకుల్ని ముట్టుకోవద్దు. ఆ ఆకులే దానికి తిండి.

కుండీ మూడో ఏడో, నాలుగో ఏడో మాటే. కుండీ లోతు మాను మొదలు మందానికి దరిదాపుగా, పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు ఉంటే పొందిక కుదురుతుంది. మార్చేటప్పుడు వేళ్లలో మూడో వంతు, ముఖ్యంగా కిందికి దిగే లావు వేళ్లు, కోసి పక్కలకు సాగినవాటిని ఉంచండి. ఆ తర్వాత రెండేళ్లకోసారి ఇదే పని.

ఈ పని మనకు నేర్పేది

ఈ పుస్తకంలో ఇంతవరకు నిర్ణయాల గురించి చాలా చెప్పుకున్నాం. చేతితో చేసి నేర్చుకోవడానికి దీన్ని మించిన సాధన నాకు తెలియదు. మంచి కొమ్మలు రెండుంటే ఒకటి వదులుకోవాలి. వదులుకున్నది పనికిరానిదని కాదు, రెండూ ఉంటే ఏదీ కనిపించదని. గాయం చేశాక ఆగాలి. ఆగడం అంటే వదిలేయడం కాదు. రోజూ నీళ్లు పోస్తూ, చూస్తూ, చేయి పెట్టకుండా ఉండటం. మనుషులతో, పిల్లలతో, మనతో మనం వ్యవహరించడంలో ఎక్కువమందికి కష్టమయ్యేది సరిగ్గా ఇదే.

పని ఎప్పటికీ పూర్తి కాదన్న సంగతినీ ఈ విద్య ఒప్పిస్తుంది. వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక జపనీస్ తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. యమాకి కుటుంబం తరాల తరబడి పెంచిన ఆ చెట్టు, 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు ఆ ఊళ్లోనే, పేలుడుకు సుమారు 3 కిలోమీటర్ల దూరంలో, ఇంటి ఆవరణ గోడ చాటున నిలిచి బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికా ప్రజలకు కానుకగా ఇచ్చారు. దానికి తీగ చుట్టిన చేతులు, నీళ్లు పోసిన చేతులు ఎన్నో. ఎవరూ దాన్ని పూర్తి చేయలేదు. ప్రతివారూ తమ వంతు కాలం దాన్ని బతికించి, ఇంకొకరికి అప్పగించారు.

ఈ అధ్యాయానికి మీ పని

1. ఈ వారం మీ వీధిలో కూల్చబోయే గోడలు, పాత కట్టడాలు గమనించండి. దొరికిన చెట్టును తీయకండి. ఫొటో తీసి, యజమాని ఎవరో కనుక్కుని, అనుమతి అడగండి.

2. ఒక నోటుపుస్తకం పెట్టండి. చెట్టుకు ఏ రోజు ఏ గాయం చేశారో, ఏ రోజు చిగురించిందో రాయండి. "ఒక ఋతువుకు ఒక గాయం" నియమం మీరు పాటిస్తున్నారో లేదో ఆ పుస్తకమే చెబుతుంది.

3. మొదటి ఏడాది చివర, చెట్టు ఎదుట కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: దీని వేళ్లలో దాచకూడనిది ఏది? దీని మానులో మళ్లీ రానిది ఏది? వీటిని కప్పేస్తున్నది ఏది?

4. మూడో ప్రశ్నకు జవాబు స్పష్టంగా వచ్చిన రోజున కత్తెర పట్టండి. రాకపోతే ఆ వానాకాలం వదిలేసి, నీళ్లు పోసి, వచ్చే ఏడు మళ్లీ చూడండి. మట్టి లేకుండా గోడ మీద అన్నేళ్లు బతికిన చెట్టు, మీ నిర్ణయం కోసం ఇంకో ఏడాది ఆగగలదు.